సముద్రం అడుగున చేబదులు

విశాఖపట్నం వెళ్లినవాళ్లు రామకృష్ణా బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూడకుండా రారు. మేమూ చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఇసుక ఒడ్డున మ్యూజియంగా నిలబడిన జలాంతర్గామి అది. పొడవు 91 మీటర్లు. లోపలికి వెళ్లాక మాత్రం ఆ పొడవంతా ఎటు పోయిందో అర్థం కాదు. ఎటు చూసినా గొట్టాలు, మీటర్లు, చక్రాలు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తర్వాత తల, ఆ తర్వాత ధైర్యం ఉంటే పొట్ట పంపించుకోవాలి.

మా పిల్లలు టార్పెడోల దగ్గర ఆగిపోయారు. మా ఆవిడ వంటగది దగ్గర ఆగిపోయింది. "డెబ్బై అయిదు మందికి ఇందులోనా వండేది!" అని రెండుసార్లు అంది. మూడోసారి నా వైపు చూసి ఊరుకుంది. ఆ చూపుకి అర్థం ఇంటికొచ్చాక తెలిసింది, అది వేరే సంగతి. నేను ఆగింది పడకల దగ్గర. రైల్లో సైడు అప్పర్ బెర్తు దీనికన్నా విశాలం. దిండు పక్కన ఓ చిన్న పెట్టె పట్టేంత చోటు. వారాల తరబడి నీళ్లకింద బతికే మనిషికి 'ఇది నాది' అని చెప్పుకోడానికి ఉన్న జాగా అంతే. అందులో ఏం దాచుకునేవాళ్లో అనిపించింది.

నాకు హాస్టల్ గుర్తొచ్చింది. ఇంటర్ చదివే రోజుల్లో గదికి ఆరుగురం. మెస్‌లో అందరికీ ఒకటే అన్నం, ఒకటే నీళ్లచారు. వాటితో ఎవడూ గొప్పవాడు కాలేడు. గొప్పతనమంతా ఇంటి దగ్గర్నుంచి వచ్చిన సీసాలో ఉండేది. మా అమ్మ పెట్టిన ఆవకాయ ఒక చెంచాకి బట్టలసబ్బు ముక్క. మూడు చెంచాలకి జువాలజీ రికార్డులో కప్ప బొమ్మ వేసిపెట్టే ఒప్పందం. ఇది నెల మొదట్లో రేటు. నెలాఖరుకి సీసా అడుగు కనిపించేసరికి ముక్క సంగతి దేవుడెరుగు, ఊటకి కూడా గిరాకీ వచ్చేది. జేబులో అయిదు రూపాయలున్నా లాభం లేదు. రాత్రి ఎనిమిదికి గేటు మూసేస్తే ఇక కొట్టెక్కడ?

సబ్‌మెరైన్ అంటే నెలల తరబడి గేటు తెరవని హాస్టల్.

గాలి, నీళ్లు, తిండి అక్కడ అందరికీ లెక్క ప్రకారం. వాటిని ఒకడు ఇంకొకడికి ఇచ్చేదేం లేదు, పుచ్చుకునేదేం లేదు. జీతం రాళ్లు ఒడ్డున బ్యాంకులో పెరుగుతుంటాయి, నీళ్లకింద వాటితో అగ్గిపుల్ల కూడా రాదు. మనిషి చేతిలో మిగిలేది తన వంతుకు వచ్చిన ఏదో చిన్న సుఖం. దాన్ని తనే అనుభవించొచ్చు, లేదా పక్కవాడికిచ్చి ఇంకోటి తెచ్చుకోవచ్చు. ప్రపంచంలో ఏ దేశపు సబ్‌మెరైన్ కథలు చదివినా ఈ గుట్టు బజారు ఏదో మూల కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్‌లో తిరిగిన జర్మన్ యూబోట్లనే చూడండి. ఎక్కువగా వాడిన రకంలో నలభై అయిదు, యాభై మంది ఉండేవాళ్లు. మరుగుదొడ్లు రెండు. బయల్దేరేటప్పుడు అందులో ఒకదాన్ని కూడా తిండి సామానుతో నింపేసేవాళ్లు. అది ఖాళీ అయ్యేదాకా అందరికీ ఒకటే. హామ్‌లు, సాసేజ్‌లు గొట్టాలకి వేలాడుతుండేవి. రొట్టెల మీద కొన్నాళ్లకి తెల్లటి బూజు దట్టంగా లేచేది. ఆ రొట్టెలకి నావికులు పెట్టుకున్న పేరు 'కుందేళ్లు'. పట్టుకునేటప్పుడు చెవులున్నట్టే ఉండేవట. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు అదే వెచ్చటి పడకలో దూరాలి. స్నానం మాటే లేదు, ఒంటికి కొలోన్ రాసుకోవడమే. ఇక సిగరెట్టు లోపల కాల్చకూడదు. సబ్‌మెరైన్ నీళ్లపైకి తేలినప్పుడు, అనుమతి తీసుకుని, పైన వంతెన మీద ఒకరిద్దరు చొప్పున కాల్చుకోవాలి. అంచేత పెట్టెలో సిగరెట్లుంటే చాలదు, పైకి వెళ్లే వంతు కూడా చేతిలో ఉండాలి. సరుకు కన్నా వంతు ఖరీదైన చోటు!

పగలంతా మునిగి ఉన్న పాతకాలపు సబ్‌మెరైన్లలో సాయంత్రానికి గాలి ఎంత పలచబడేదంటే, అగ్గిపుల్ల గీస్తే వెలిగేది కాదని రాసుకున్నవాళ్లు ఎందరో. అప్పుడు పొగాకు కోటీశ్వరుడు కూడా మనలాంటివాడే.

ఈ వ్యవహారంలో అన్నిటికన్నా పకడ్బందీగా నాణేలు వేసుకున్నది మాత్రం బ్రిటిష్ నావికులు. నాణెం పేరు రమ్ము.

అప్పట్లో బ్రిటిష్ నౌకాదళంలో ఇరవై ఏళ్లు నిండిన ప్రతి నావికుడికీ రోజుకో 'టాట్' రమ్ము ప్రభుత్వమే పోసేది. టాట్ అంటే పింటులో ఎనిమిదో వంతు, సుమారు 70 మిల్లీలీటర్లు. ఓడల్లోనూ అంతే, సబ్‌మెరైన్లలోనూ అంతే. వద్దనుకున్నవాడికి బదులుగా రోజుకి మూడు పెన్నీలు కట్టేవాళ్లు. కిందిస్థాయి వాళ్లకి రమ్ములో రెండింతలు నీళ్లు కలిపి ఇచ్చేవాళ్లు. అది దయతో కాదు. నీళ్లు కలిపితే నిలవుండదు, రుచి పోతుంది. దాచుకుని దాచుకుని ఒకేరోజు తాగి పడిపోకుండా వేసిన ఎత్తు. ఏరోజు రమ్ము ఆరోజే తాగాలి, ఎవరిది వాళ్లే తాగాలి. ఇంకొకరికి ఇచ్చినా, అమ్మినా నేరం.

రూలంటూ పెట్టాక మనుషులు ఊరుకుంటారా? ఆ గ్లాసుని కొలతలుగా విడగొట్టుకున్నారు. 'సిప్పర్స్' అంటే పెదవి తడిసేంత. 'గల్పర్స్' అంటే ఒకే ఒక్క నిండు గుక్క. 'శాండీ బాటమ్స్' అంటే గ్లాసులో ఎంతుంటే అంత, అడుగు కనిపించేదాకా. మూడు సిప్పర్లయితే ఒక గల్పర్ అన్నది బాగా చలామణీలో ఉన్న మారకం. ఓడని బట్టి లెక్కలు కాస్త అటూ ఇటూ మారేవి. నా బదులు రాత్రి కాపలా నిలబడితే గల్పర్స్. చిరిగిన చొక్కా కుట్టిపెడితే సిప్పర్స్. పెద్ద తప్పు చేసి స్నేహితుడి ముందు తలెత్తుకోలేకపోతే క్షమాపణ కూడా ఇందులోనే చెల్లించొచ్చు. మాటలు చాలని చోట గ్లాసు కాస్త ముందుకు జరిపితే సరి.

పుట్టినరోజు వచ్చినవాడి కష్టం చూడాలి. మెస్‌లో ప్రతివాడూ ప్రేమగా ఓ సిప్పర్ ఇచ్చేవాడు. కాదంటే కోపం. ఇరవై మంది ప్రేమ ఒకేసారి మీద పడి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. మనవైపు పెళ్లిళ్లలో కొత్తల్లుడికి కొసరి కొసరి వడ్డించడం గుర్తుకొస్తే తప్పు నాది కాదు.

నాకు ఈ పద్ధతిలో నచ్చిందేమిటంటే, ఇందులో కాగితం లేదు, సాక్షి లేడు. గుక్క ఎంతుండాలో రాసుకోలేదు. గ్లాసు చేతికిచ్చి ఎదుటివాడి గొంతు ఎన్నిసార్లు కదిలిందో చూసుకోవడమే. వ్యవహారమంతా రూలుకి విరుద్ధం కాబట్టి, వాడు రెండు గుక్కలు మింగేశాడని ఆఫీసరు దగ్గరికెళ్లి ఫిర్యాదు చేసే వీల్లేదు. మరి మోసాలు జరగవా? జరుగుతాయి. కానీ ఊళ్లో అప్పు ఎగ్గొట్టినవాడు సందు మార్చి నడుస్తాడు. సబ్‌మెరైన్‌లో ఉన్నది ఒకటే సందు. అప్పిచ్చినవాడి మోకాళ్లు రాసుకుంటూ రోజుకి పదిసార్లు అటూ ఇటూ తిరగాలి. అన్నం పక్కన కూర్చుని తినాలి. వాల్వు తిప్పేవాడు ఒక్క చక్రం పొరపాటున తిప్పినా అందరూ పోయే చోట, 'వీడి మాట నమ్మొచ్చు' అన్న పేరు రమ్ముకన్నా ఖరీదైనది. గుక్కెడు దగ్గర మాట నిలబెట్టుకోనివాణ్ని వాల్వు దగ్గర ఎలా నమ్ముతారు?

1970 జులై 31న ఈ రమ్ము కోటా రద్దయింది. యంత్రాలు, క్షిపణులు నడిపేవాళ్లకి మధ్యాహ్నం పూట మందు పోయడమేమిటని పైవాళ్లు అన్నారు. సబబే. ఆ రోజు నావికులు చేతికి నల్లబట్ట కట్టుకుని, కొన్ని చోట్ల ఉత్తుత్తి శవయాత్ర కూడా చేశారు. అది తాగుడు పోయిందన్న ఏడుపే అనుకుంటే పొరపాటు. మూడొందల ఏళ్ల నుంచి నడుస్తున్న చిల్లర నాణేలు ఒక్కరోజులో చెల్లకుండా పోయాయి.

అమెరికా వాళ్ల ఓడల్లో 1914 నుంచే మందు నిషేధం. దాంతో వాళ్ల నావికులకి టార్పెడోల మీద ప్రేమ పుట్టింది. ఆనాటి టార్పెడో నడవడానికి వాడే ఇంధనం ఆల్కహాలు మరి! అందులో విరేచనాల మందు కలిపి చూశారు పైవాళ్లు. వాళ్లు దాన్నీ వడగట్టి, పైనాపిల్ రసం కలుపుకున్నారు. ఆ తెలివితేటల గురించి ఆదివారం పూట ఇంతకన్నా రాయను.

అయితే అదే అమెరికన్ నౌకాదళంలో ఓ సబ్‌మెరైన్ పడ్డ అవస్థ మాత్రం చెప్పి తీరాలి. దాని పేరు స్కిప్‌జాక్. 1941 జులైలో ఆ సబ్‌మెరైన్ నుంచి కాలిఫోర్నియాలోని మేర్ ఐలాండ్ నౌకా స్థావరానికి ఓ ఇండెంటు వెళ్లింది. 150 చుట్టల టాయిలెట్ పేపరు కావాలని. నెలలు గడిచాయి. యుద్ధం మొదలైంది. చివరికి సరుకు రాలేదు కానీ ఇండెంటు తిరిగొచ్చింది, 'ఈ వస్తువేమిటో గుర్తించలేకపోయాం, రద్దు' అని ముద్రతో.

కెప్టెన్ పేరు జేమ్స్ కో. 1942 జూన్ 11న ఆయన సప్లై ఆఫీసరుకి ఉత్తరం రాశాడు. కోపం లేదు, తిట్టు లేదు. మీరు గుర్తించలేకపోయారు కదా, అందుకే నమూనా ముక్క ఒకటి జతపరుస్తున్నాను అన్నాడు. ఇన్నాళ్లూ దీని బదులు మీరేం వాడుతున్నారో తెలుసుకోవాలని కుతూహలంగా ఉందన్నాడు. శత్రువు పైనుంచి డెప్త్ చార్జీలు వేస్తున్న సమయాల్లో మా ఇబ్బంది మరీ ఎక్కువగా ఉంటోందని వినయంగా విన్నవించుకున్నాడు. పై ఆఫీసుల నుంచి వచ్చిపడుతున్న పనికిరాని కాగితాలు మాత్రం ఇలా కాస్త పనికొస్తున్నాయని కూడా చేర్చాడు. ప్రభుత్వాఫీసుకి అర్జీ పెట్టుకుని తిరిగినవాళ్లెవరైనా ఈ ఉత్తరాన్ని చట్రం కట్టించుకుని గోడకి పెట్టుకోవాల్సిందే.

ఆ తర్వాత స్కిప్‌జాక్ రేవుకి వస్తే గట్టు మీద టాయిలెట్ పేపరు చుట్టలు గుట్టగా పోసి స్వాగతం చెప్పారని ఆ తరం నావికులు చెప్పుకునేవారు. జేమ్స్ కో తర్వాత సిస్కో అనే ఇంకో సబ్‌మెరైన్‌కి కెప్టెన్‌గా వెళ్లాడు. 1943 సెప్టెంబరులో అది తిరిగి రాలేదు.

అణుశక్తి సబ్‌మెరైన్లు వచ్చాక నీటి కరువు, గాలి కరువు తీరిపోయాయి. సముద్రపు నీళ్లలోంచే మంచినీళ్లు, ప్రాణవాయువు తయారు చేసుకుంటాయవి. తిండి అయిపోయేదాకా పైకి రానక్కర్లేదు. అయినా మొదటి రెండు మూడు వారాల్లో తాజా పాలు, కూరగాయలు అయిపోతాయి. అమెరికన్ సబ్‌మెరైన్లలో నేలంతా డబ్బాలు పరిచి, వాటి మీదే నడుస్తూ, తింటున్న కొద్దీ నేల కిందికి దిగుతుంటుంది. సిగరెట్ల బేరం 2010 చివరికి వాళ్ల దగ్గర పూర్తిగా మూతపడింది, సబ్‌మెరైన్ లోపల పొగ నిషేధించారు.

ఇన్ని సౌకర్యాలొచ్చాక ఇక ఇచ్చిపుచ్చుకోడానికేముంది? డ్యూటీ గంటలున్నాయి. నిద్ర ఉంది. అమెరికన్ సబ్‌మెరైన్లలో ప్రయాణం సగం గడిచిన రాత్రి ఓ పండగ చేసుకుంటారు. వేలం పాట పెడతారు. వేలంలో అమ్మేది వస్తువులు కాదు. ఫలానా ఆఫీసరు మొహాన క్రీము పూసే హక్కు, ఫలానా ఆఫీసరు నా బదులు డ్యూటీ చేసే హక్కు, ఇలాంటివి. మార్కెట్లో ఎందుకూ కొరగానివి. ఆ డబ్బు సిబ్బంది వినోద నిధికి పోతుంది. నాకు తెలిసి డబ్బుకి సబ్‌మెరైన్‌లో విలువ వచ్చే రాత్రి అదొక్కటే.

అన్నిటికన్నా అరుదైన సరుకు ఇంటి కబురు. బ్రిటన్ పొలారిస్ సబ్‌మెరైన్ల రోజుల్లో ఇంటివాళ్లు వారానికి 40 మాటలు పంపొచ్చు. దానికి 'ఫ్యామిలీగ్రామ్' అని పేరు. వినడమే తప్ప జవాబివ్వడానికి లేదు, సబ్‌మెరైన్ నోరు విప్పితే ఎక్కడుందో తెలిసిపోతుంది. 40 మాటలు! నేనైతే మొదటి ఏడు 'ఇచ్చట మేమంతా క్షేమం, అచ్చట మీరు క్షేమమని తలుస్తాను'కే ఖర్చు పెట్టేస్తాను. ఆ మాటలు కూడా నేరుగా చేరవు. మధ్యలో చదివేవాళ్లుంటారు. చెడ్డ కబురైతే ఆపేస్తారు. ఇంట్లో ఎవరైనా పోయినా, ఆ సంగతి కెప్టెన్ గుండెలోనే ఉండిపోయి, ఒడ్డుకి చేరే ముందు గానీ బయటికి రాదు. చెప్పినా ఏం చేయగలడు, వెనక్కి తిప్పలేరు కదా. తండ్రి పోయాడని తెలియని కుర్రవాడు పక్కనే కూర్చుని పేకాడుతూ నవ్వుతుంటే, తెలిసిన ఆ ఒక్కరూ ఎలా భోంచేస్తారో! అణు సబ్‌మెరైన్‌లో అన్నిటికన్నా బరువైన పని అదేననిపిస్తుంది నాకు.

ఇంతదూరం వచ్చాం కాబట్టి మన హైదరాబాదీ ఒకాయన కథతో ముగిస్తాను. ఇందులో బేరం లేదు. బేరం కుదరకపోవడం ఉంది.

1943 ఫిబ్రవరిలో జర్మనీలోని కీల్ రేవు నుంచి యు-180 అనే సబ్‌మెరైన్ బయల్దేరింది. అందులో ఇద్దరు మనవాళ్లు. ఒకరు సుభాష్ చంద్రబోస్. రెండోవారు అబిద్ హసన్, పుట్టింది హైదరాబాద్‌లో, జర్మనీకి ఇంజినీరింగ్ చదవడానికి వెళ్లి నేతాజీ వెంట నడిచినవారు. 'జైహింద్' నినాదం ఆయన చలవే అంటారు. లోపల గాలి నిండా డీజిలు. రొట్టెకీ డీజిలు వాసనే. ముద్ద దిగడం లేదు. నేతాజీ తినలేకపోతుంటే హసన్‌గారు ఊరుకోలేక స్టోర్లో వెతికారు. బియ్యం, పప్పు దొరికాయి. గుడ్డుపొడి డబ్బా కూడా. హైదరాబాదీ చేతికి బియ్యం, పప్పు దొరికితే ఇంకేం చేస్తాడు? కిచిడీ!

అట్లాంటిక్ అడుగున కిచిడీ ఉడికింది. ఉన్న బియ్యం ఇంత, వెళ్లాల్సిన రోజులు ఇన్ని, తినే నోళ్లు రెండు అని హసన్‌గారి లెక్క. మంచి ఇల్లాలు వేసే లెక్క. నేతాజీ ఆ లెక్కని మొదటి భోజనాల్లోనే తలకిందులు చేశారు. జర్మన్ ఆఫీసర్లని పిలిచి, రండి, మా తిండి రుచి చూడండి అని పెట్టడం మొదలుపెట్టారు. వాళ్లకది నచ్చింది కూడా. ఇలా అయితే సరుకు ఎన్నాళ్లొస్తుందని హసన్‌గారికి ఒకటే బెంగ. తర్వాతి రోజుల్లో ఆయనే ఈ సంగతి చెప్పుకున్నారు. బదులుగా ఏం పుచ్చుకోవాలో నేతాజీ ఆలోచించినట్టు లేదు. ఇంటికొచ్చినవాణ్ని అన్నం తినమనడమే ఆయనకి తెలిసింది. ఆ ఇల్లు తనది కాదనీ, తానే అక్కడ చుట్టమనీ మర్చిపోయారేమో.

ఏప్రిల్ ఆఖరున మడగాస్కర్ దగ్గరి సముద్రంలో జపాన్ సబ్‌మెరైన్ ఐ-29 ఎదురొచ్చింది. ఆ కలయిక అసలు ఉద్దేశం ఇచ్చిపుచ్చుకోవడమే. జపాన్ వాళ్లు రెండు టన్నుల బంగారం జర్మన్ సబ్‌మెరైన్‌లోకి చేర్చారు. జర్మన్లు ఆయుధాల నమూనాలు, రహస్యాలు అటు ఇచ్చారు. 28వ తేదీన నేతాజీ, హసన్ రబ్బరు పడవ ఎక్కి, అలలకి నిలువునా తడిసి, ఆ ఒడ్డు లేని సముద్రంలో ఇటు నుంచి అటు మారారు.

బంగారం లెక్క చరిత్ర పుస్తకాల్లో ఉంది. హసన్‌గారు గుర్తు పెట్టుకున్నది ఇంకోటి. ఎక్కబోయేవాళ్లు భారతీయులని తెలిసి, ఐ-29 సిబ్బంది బయల్దేరే ముందే పెనాంగ్‌లో మన మసాలా దినుసులు కొని పెట్టుకున్నారు. పదకొండు వారాల డీజిలు వాసన తర్వాత, తడిబట్టలు మార్చుకున్నవాళ్ల ముందు ఘాటైన కూర పెట్టారు.